పంతొమ్మిది రోజుల సెలవు

ప్లేస్‌మెంట్ల సీజన్ మొదలయ్యాక మన హాస్టల్లో కొత్త మాటలు వినిపిస్తున్నాయి. సీటీసీ, బాండ్, నోటీస్ పీరియడ్, ఎల్‌ఓపీ. మొదటి మూడింటి మీద సీనియర్లు రాత్రి రెండింటి దాకా ఉపన్యాసాలిస్తారు. నాలుగోదాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. ఎల్‌ఓపీ అంటే లాస్ ఆఫ్ పే, సెలవు పెట్టిన రోజుకి జీతం కోత. మా ఇంట్లో మాత్రం 2024 ఆగస్టు నుంచి నవంబరు దాకా అన్నం తినేటప్పుడు కూడా ఆ మూడక్షరాల గొడవే. అది చివరికి కోర్టు గుమ్మం ఎక్కకుండా, కార్మిక శాఖ ఆఫీసులో రాజీతో తేలింది.

చట్టం దాన్ని ‘కన్సీలియేషన్’ అంటుంది. మా నాన్న, ఆయన తోటివాళ్ళు ‘లేబరాఫీసులో కూర్చోవడం’ అనేవాళ్ళు. అలా కూర్చుంటే ఏమవుతుంది, ఆ ఆఫీసరుకి ఏ అధికారం ఉంటుంది, ఏది ఉండదు, అక్కడ పెట్టిన సంతకానికి విలువెంత అన్నది ఇక్కడ చెప్తాను. రేపు మనం కూడా జీతగాళ్ళమే కదా.

గొడవ ఎక్కడ మొదలైంది

నాన్న గుంటూరు వైపు ఒక స్పిన్నింగ్ మిల్లులో రింగ్ ఫ్రేముల దగ్గర పని చేస్తారు. అప్పట్లో రోజు జీతం 512 రూపాయలు. 2023లో మా నాయనమ్మ పోయినప్పుడు, ఆ తర్వాత అక్క పెళ్ళి పనులప్పుడు కలిపి 11 రోజులు సెలవు పెట్టారు. 2024లో జులై లోపు విడివిడిగా ఇంకో 8 రోజులు. మొత్తం పంతొమ్మిది. పంతొమ్మిదీ పే స్లిప్పులో ఎల్‌ఓపీగానే పడ్డాయి.

నాన్న ఒక్కరికే కాదు, సెక్షన్లో చాలామందికి అంతే. అడిగితే మేస్త్రి, “రాకపోతే జీతమెందుకొస్తుందయ్యా?” అనేవాడట. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అందుకే ఏళ్ళ తరబడి ఎవరూ నోరు మెదపలేదు.

ఫ్యాక్టరీల చట్టం, 1948లో 79వ సెక్షన్ వేరే మాట చెప్తుంది. ఒక క్యాలెండర్ ఏడాదిలో 240 రోజులు పని చేసిన కార్మికుడికి, పని చేసిన ప్రతి 20 రోజులకి ఒక రోజు చొప్పున, మరుసటి ఏడాదిలో జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. లెక్కలో అర రోజు, అంతకంటే ఎక్కువ మిగిలితే ఒక రోజు కింద కలుపుకోవాలి. అర కంటే తక్కువైతే వదిలెయ్యాలి.

నాన్న దాచిన పే స్లిప్పులు చూసి నేను ఎక్సెల్‌లో లెక్క కట్టాను. 2022లో 287 రోజుల పని. 20తో భాగిస్తే 14.35, అంటే 2023కి 14 రోజులు. 2023లో 291 రోజులు. భాగిస్తే 14.55, అంటే 2024కి 15 రోజులు. రెండేళ్ళకి 29 రోజుల హక్కు ఉంటే ఆయన వాడుకున్నది 19. ఆ పంతొమ్మిదికి రావలసింది 9,728 రూపాయలు. నా రెండో టర్మ్ ఫీజులో అమ్మ సర్దాల్సిన మొత్తం దాదాపు అంతే ఉండడంతో ఆ అంకె మా ఇంట్లో అందరికీ నోటికొచ్చేసింది.

మిల్లు వాదన కూడా చెప్పాలి

ఇక్కడ మిల్లువాళ్ళ దగ్గర అసలు జవాబే లేదనుకుంటే పొరపాటు. అదే సెక్షన్ ప్రకారం సెలవు కావాలంటే 15 రోజుల ముందు రాతపూర్వకంగా అడగాలి. ఏడాదిలో మూడు విడతలకి మించి తీసుకోకూడదు. (జబ్బు చేసినప్పుడు సెలవు వాడుకోవాలంటే ఆ ముందస్తు గడువు వర్తించదు.) మనవాళ్ళు కాగితం మీద ఎప్పుడడిగారు గనక! మేస్త్రికి నోటితో చెప్పడం, లేదంటే వాట్సాప్‌లో “సార్ రేపట్నుంచి మూడ్రోజులు రాను” అని పెట్టడం. అవతల్నుంచి ఒక బొటనవేలు బొమ్మ. అదే సెలవు మంజూరు.

మిల్లువాళ్ళు ఇంకో మాట కూడా అన్నారు. డిసెంబరు 31తో పాత సెలవులు చెల్లిపోతాయని. ఇది మాత్రం తప్పు. వాడని సెలవుని 30 రోజుల వరకు మరుసటి ఏడాదికి మోసుకెళ్ళొచ్చని 79వ సెక్షనే చెప్తోంది. పద్ధతి ప్రకారం అడిగినా ఇవ్వకపోతే, అలా నిరాకరించిన సెలవుకి ఆ 30 పరిమితి కూడా ఉండదు.

అంటే రెండు పక్షాల చేతుల్లోనూ కొంత బలం, కొంత బలహీనత ఉన్నాయి. హక్కు కార్మికులది, కానీ అడిగినట్టు కాగితం లేదు. మిల్లు దగ్గర పద్ధతి మాట ఉంది, కానీ సెలవుల రిజిస్టరు సరిగ్గా లేదు. రాజీకి కూర్చునేది సాధారణంగా ఇలాంటి చోటే.

ఒక్కడి సెలవు వివాదం అవుతుందా?

నాన్న మొదట ఒక్కరే అర్జీ పెడదామనుకున్నారు. అక్కడ చట్టంలో ఒక మెలిక ఉంది. పారిశ్రామిక వివాదాల చట్టం, 1947 ప్రకారం ఒక్క కార్మికుడి సమస్య దానంతటదే ‘పారిశ్రామిక వివాదం’ అయిపోదు. ఉద్యోగంలోంచి తీసేసిన సందర్భాల్లో మాత్రం 2ఎ సెక్షన్ కింద ఒక్కడే వెళ్ళొచ్చు. సెలవు, జీతం లాంటి విషయాల్లోనైతే యూనియన్ గానీ, చెప్పుకోదగ్గ సంఖ్యలో తోటివాళ్ళు గానీ దాన్ని తమ సమస్యగా తలకెత్తుకోవాలి.

ఒంటరివాడికి దారే లేదని కాదు. చట్ట ప్రకారం రావలసిన డబ్బు లెక్క తేల్చమని 33సి(2) సెక్షన్ కింద లేబర్ కోర్టుకి వెళ్ళొచ్చు. కానీ అది కోర్టు దారి. పైగా ఒక్కడి డబ్బే తేలుతుంది, రేపటి నుంచి ఏం చెయ్యాలన్నది తేలదు.

కాబట్టి సంతకాల పని పడింది. షిఫ్టు మారే వేళ టీ కొట్టు దగ్గర మాట్లాడుకుని, 90 మంది పర్మినెంటు వాళ్ళలో 31 మంది సంతకం పెట్టారు. కాంట్రాక్టరు కింద పనిచేసే ముగ్గురు కుర్రాళ్ళు కూడా పెట్టారు. నా పని టైపింగు, ఎక్సెల్. ఒక్కొక్కరి పేరు, పని చేసిన రోజులు, రావలసిన సెలవు, కోసిన రోజులు, రుజువు ఏముంది అని అయిదు గడులు. రుజువు గడిలో ఎక్కువగా ‘వాట్సాప్’ అనే ఉండేది.

లేబరాఫీసులో ఏం జరుగుతుంది

అర్జీ కార్మిక శాఖ సహాయ కమిషనర్ ఆఫీసులో ఇచ్చారు. ఇలాంటి వివాదాల్లో రాజీ అధికారిగా కూర్చునేది ఎక్కువగా ఆ హోదా అధికారులే. ఆయన మిల్లుకి నోటీసు పంపి, రెండు పక్షాలనీ ఒక తేదీకి పిలుస్తారు.

ఇక్కడ మనవాళ్ళలో చాలామంది పొరబడతారు. రాజీ అధికారి జడ్జి కాదు. “నువ్వు కట్టు” అని మిల్లుని ఆదేశించలేరు. “నీకు హక్కు లేదు” అని కార్మికుణ్ణి పంపించెయ్యలేరు. 12వ సెక్షన్ ఆయనకి అప్పగించిన పని వివాదాన్ని విచారించి, రెండు పక్షాలూ న్యాయంగా, సామరస్యంగా ఒప్పందానికొచ్చేలా చెయ్యడం. దానికి కావలసిన అధికారాలు మాత్రం ఉంటాయి. మనుషుల్ని హాజరు కమ్మని పిలిపించగలరు, కాగితాలు తెప్పించగలరు. మిల్లు హాజరు పట్టీలు బల్ల మీదికొచ్చింది ఆ అధికారంతోనే.

ఇంకో రెండు సంగతులు నాకు బాగా నచ్చాయి. ఒకటి, 36వ సెక్షన్ ప్రకారం ఈ రాజీ చర్చల్లో ఏ పక్షం తరఫునా లాయరు వాదించకూడదు. మిల్లువాళ్ళు మొదటి వాయిదాకి ఒక లాయరు గారిని వెంటబెట్టుకొచ్చారు. ఆయన బయట బెంచీ మీద నా పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నారు. లోపల రింగ్ ఫ్రేము దగ్గర పనిచేసే మనిషి, మిల్లు మేనేజరు ఎదురెదురుగా కూర్చుని తమ మాట తామే చెప్పుకోవాలి.

రెండు, 33వ సెక్షన్. రాజీ చర్చలు నడుస్తున్నంత కాలం ఆ వివాదానికి సంబంధించిన పని షరతుల్ని కార్మికులకి నష్టం కలిగేలా మార్చకూడదు. దానితో ముడిపడిన తప్పు చూపించి ఎవరినైనా తీసెయ్యాలంటే ఆ అధికారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. “సంతకం పెడితే ఉద్యోగం పోద్దేమో” అని భయపడ్డ వాళ్ళకి నాన్న ఈ సెక్షన్‌నే పదే పదే చెప్పేవారు.

చట్టం ప్రకారం అధికారి 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. పక్షాలన్నీ ఒప్పుకుంటే గడువు పెంచుకోవచ్చు. మా విషయంలో అలాగే పెంచుతూ నాలుగు వాయిదాలు నడిచాయి.

మూడో వాయిదాలో మాట

మొదటి రెండు వాయిదాల్లో ఎవరి పాట వాళ్ళు పాడారు. “అడక్కుండా మానేశారు” అని వాళ్ళు, “అడిగాం, ఒప్పుకున్నారు” అని వీళ్ళు. అధికారి ఇద్దరినీ విడివిడిగా కూడా పిలిచి మాట్లాడారు. మూడో వాయిదాలో ఆయన మేనేజరు గారిని ఒక్క ప్రశ్న అడిగారని నాన్న చెప్పారు.

“సరేనండీ, ఆ రోజులు సెలవు కాదు, గైర్హాజరే అనుకుందాం. అప్పుడు ఈయన సెలవు ఒక్కటీ వాడుకోనట్టే కదా. మరి ఆ సెలవులు ఖాతాలో ఉండాలి. ఎక్కడున్నాయి?”

ఇది లెక్కల మాస్టారి ప్రశ్న. జీతం ఇస్తే సెలవు తగ్గాలి. జీతం ఇవ్వకపోతే సెలవు మిగలాలి. మిల్లు పుస్తకాల్లో జీతమూ లేదు, సెలవూ లేదు. డెబిట్ రెండు వైపులా పడింది, క్రెడిట్ ఎక్కడా లేదు. 15 రోజుల ముందు కాగితం ఇచ్చారా లేదా అన్న వాదన ఎటు తేలినా ఈ ప్రశ్నకి జవాబు రాదు. అక్కణ్ణుంచి చర్చ ‘ఇవ్వాలా వద్దా’ దగ్గర ఆగిపోకుండా ‘ఎన్ని రోజులకి డబ్బు, ఎన్ని రోజులకి ఖాతా’ అనే దగ్గరికి జరిగింది.

విడిగా వచ్చిన కబురు

మూడో వాయిదాకీ నాలుగో వాయిదాకీ మధ్య మేనేజరు గారు నాన్నని తన గదికి పిలిచారు. “నీ పంతొమ్మిది రోజులూ రేపే ఇచ్చేస్తాం. కాగితం మీద సంతకం పెట్టి నీ పని నువ్వు చూసుకో. మిగతావాళ్ళ సంగతి నీకెందుకు?” అన్నారు.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. అమ్మ తీసుకోమంది. “వాడి ఫీజు కట్టాలి. నీ కోసం ఆ ముప్పై మందిలో ఎవరొచ్చి కడతారు?” అంది. అమ్మ మాటలో తప్పేం లేదు. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నేను తీసుకుంటే రేపు ఇంకో నలుగుర్ని ఇలాగే పిలుస్తారు. అయిదో వాడికి ఏమీ రాదు” అన్నారు.

ఆ కబురుకి చట్టంలో ఏ విలువుందో నేను తర్వాత చదువుకున్నాను. 18వ సెక్షన్ ఒప్పందాల్ని రెండు రకాలు చేసింది. యజమాని, కార్మికుడు బయట చేసుకున్నది సంతకం పెట్టిన వాళ్ళని మాత్రమే కట్టేస్తుంది. రాజీ అధికారి సమక్షంలో, ఆ చర్చల్లో భాగంగా కుదిరిన ఒప్పందమైతే వివాదం పుట్టిన రోజుకి ఆ సంస్థలో ఉన్న కార్మికులందరికీ, ఆ తర్వాత చేరే వాళ్ళకి కూడా వర్తిస్తుంది. అంటే సంతకం పెట్టని 59 మందికీ, వచ్చే ఏడాది చేరే కొత్త కుర్రాడికీ అదే వర్తిస్తుంది. నాన్నకి ఈ సెక్షన్ నంబరు తెలియదు. ఆయన చెప్పిన ‘అయిదో వాడు’ మాత్రం సరిగ్గా ఇందులోనే ఉన్నాడు.

ఏం కుదిరింది

నాలుగో వాయిదాలో ఒప్పందం రాసుకున్నారు. 2024లో కోసిన రోజులన్నింటికీ పూర్తి జీతం. 2023 రోజుల్లో మెసేజ్ గానీ ఇంకే ఆధారం గానీ ఉన్నవాటికి జీతం, ఆధారం లేనివి తిరిగి సెలవు ఖాతాలోకి. డబ్బు రెండు విడతల్లో. ఇకమీదట ప్రతి పే స్లిప్పు మీదా మిగిలిన సెలవు ఎంతో అచ్చు వెయ్యాలి. సెలవు కావాలంటే ఇచ్చే చీటీకి నకలు మీద తేదీ వేసి సంతకం చేసి తిరిగివ్వాలి.

నాన్నకి 14 రోజుల డబ్బు వచ్చింది, 7,168 రూపాయలు. అయిదు రోజులు ఖాతాలోకి వెళ్ళాయి. మేనేజరు గారి గదిలో ఒప్పుకుని ఉంటే ఇంకో 2,560 చేతికొచ్చేవి, అదీ ఒకేసారి. ఆ తేడా అమ్మ పొదుపు సంఘంలో అప్పు తెచ్చి సర్దింది. నాలుగు నెలలు తీర్చుకుంది.

కాంట్రాక్టు కుర్రాళ్ళ సంగతి అంత బాగా తేలలేదు. “వాళ్ళు మా మనుషులు కారు” అంది మిల్లు. ఫ్యాక్టరీల చట్టం దృష్టిలో కాంట్రాక్టరు ద్వారా పెట్టుకున్న వాళ్ళు కూడా కార్మికులే. అధికారి కాంట్రాక్టరుని పిలిపించారు. ఆయన 2024 రోజులకి మాత్రం ఒప్పుకున్నాడు. 2023 ఊసెత్తలేదు. ఆ ముగ్గురిలో ఒకడు ఇప్పుడు ఆ మిల్లులో లేడు.

ఒప్పందం కాకపోయి ఉంటే? అధికారి విఫల నివేదికని ప్రభుత్వానికి పంపేవారు. ప్రభుత్వం తగునని భావిస్తే ట్రిబ్యునల్‌కి పంపేది. (‘జీతంతో సెలవు’ ఆ చట్టం మూడో షెడ్యూల్లో నాలుగో అంశం.) ఒప్పందం కుదిరాక మిల్లు కట్టకపోతే? 33సి(1) కింద ప్రభుత్వానికి అర్జీ పెడితే, ఆ బాకీని భూమి శిస్తు బకాయిలా వసూలు చెయ్యొచ్చు. ఒప్పందాన్ని ఉల్లంఘిస్తే 29వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల దాకా జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. అధికారికి తీర్పిచ్చే శక్తి లేకపోయినా ఆయన ఎదుట పెట్టిన సంతకానికి ఇంత బరువుంది. మిల్లు రెండు విడతలూ సరైన తేదీకే కట్టింది.

ఇప్పుడు చట్టం మారింది

పైన చెప్పిన సెక్షన్లన్నీ 2024 నాటివి. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి. 1947 చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్, ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వచ్చాయి. రాజీ పద్ధతి పోలేదు, కొలతలు మారాయి.

జీతంతో సెలవుకి 240 రోజుల బదులు 180 రోజులు పని చేస్తే చాలు. 20కి ఒకటి అన్న లెక్క అలాగే ఉంది. ఏడాది చివర కావాలని అడిగితే మిగిలిన సెలవుని డబ్బుగా మార్చుకునే హక్కు చేరింది. రాజీ అధికారి నివేదికకి గడువు 45 రోజులు, సమ్మె నోటీసు ఉంటే 14 రోజులు. రాజీ కుదరకపోతే ప్రభుత్వం పంపేదాకా ఆగక్కర్లేదు. నివేదిక అందిన 90 రోజుల్లోపు ఎవరైనా నేరుగా ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. వివాదం పుట్టి రెండేళ్ళు దాటితే మాత్రం రాజీ చర్చలకి తీసుకోరు. 20 మంది, అంతకు మించి కార్మికులున్న చోట ముందుగా ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి.

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో చేరే వాళ్ళకి సెలవుల లెక్క ఎక్కువగా రాష్ట్రంలోని దుకాణాలు, సంస్థల చట్టం, 1988 కిందికొస్తుంది. 240 రోజులు పని చేశాక 15 రోజుల జీతంతో సెలవు అన్నది అందులోది. మరి ఇంజినీరు ‘కార్మికుడు’ అవుతాడా? మీ కార్డు మీద ఏ హోదా ఉందన్నది కాదు, రోజూ చేసే పని ఎలాంటిదన్నది చూస్తారు. సాంకేతిక పని ఆ నిర్వచనంలో ఉంది. మేనేజర్లకి, 18,000 దాటిన జీతంతో సూపర్‌వైజర్లుగా ఉన్నవాళ్ళకి చోటు లేదు.

ఆఫర్ లెటర్ రాగానే అందరం జీతం అంకె చూసి ఫోటో తీసి గ్రూపులో పెడతాం. ఈసారి దాని కింద సెలవుల పేరా కూడా చదవండి. ఏడాదికెన్ని, మిగిలితే ఏమవుతాయి, ఎవరికి రాసి అడగాలి అన్నవి అందులో ఉంటాయి. సెలవు మెయిల్లోనే అడగండి, వచ్చిన జవాబు దాచుకోండి. పే స్లిప్పులు నెలనెలా డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, ఉద్యోగం మానేసిన రోజున ఆ పోర్టల్ తెరుచుకోదు. పక్క సీటు వాడికి ఎల్‌ఓపీ పడితే ఎందుకు పడిందో ఒకసారి అడిగి తెలుసుకోండి. రేపు అర్జీ మీద సంతకాలు కావలసి వస్తే ముందుగా వెళ్ళేది ఆ పక్క సీటు దగ్గరికే.